పొరుగు రాష్ట్రపు బండి: చెప్పవలసిన మాట, అడుగవలసిన మాట

శ్రీకాకుళం జిల్లాకు ఉత్తరపు కొసను ఇచ్ఛాపురమున్నది. అది దాటిన పిదప ఒడిశా. పాతపట్నమునకు పర్లాకిమిడి చేరువ. 2022 వరకు విజయనగరం జిల్లాలోనుండిన సాలూరు లారీల ఊరని పేరుపొందినది. అచటినుండి ఘాటు ఎక్కినచో కోరాపుట్ దారి. ఇట్టి సరిహద్దు సీమలో పాత మోటారు బండ్లు రాష్ట్రము దాటి చేతులు మారుట సహజము. మరి అమ్మువాడు బండిలోని లోపమును తనంతట తాను చెప్పవలెనా? ఈ విషయమున చట్టము ఏమనుచున్నదో శ్రోతలకు మనవి చేయుదుము.

1872 నాటి కాంట్రాక్టు చట్టము 17వ సెక్షనులో ఒక గుఱ్ఱపు ఉదాహరణము కలదు. ఒకడు రోగమున్న గుఱ్ఱమును, ఆ సంగతి తెలిసియు, ఏమియు పలుకక వేలములో అమ్మెను. ఇది మోసము కాదు. కాని కొనువాడు, “నీవు కాదనకున్నచో గుఱ్ఱము బాగుగానున్నదని తలచెదను” అని చెప్పగా అమ్మువాడు ఊరకున్నచో, ఆ మౌనము పలుకుతో సమానము, అది మోసమే. మౌనమర్ధాంగీకారమని మన పెద్దలన్న మాటకు చట్టమిచ్చిన రూపమిది.

గుఱ్ఱమునకు బదులు కారునో లారీనో ఉంచి చూడుడు. అడుగని కొనుగోలుదారునకు రక్షణ తక్కువ, అడిగినవానికి ఎక్కువ. అయినను 19వ సెక్షను మరియొక మెలిక పెట్టినది. మౌనము మోసమే అయినను, సామాన్యమైన జాగరూకతతో నిజము తెలిసికొనగల అవకాశముండినచో ఒప్పందమును రద్దుచేసికొను హక్కు ఉండదు. కావున అడుగవలెను, కాగితములను కూడ పరిశీలింపవలెను.

కొన్ని సంగతులలో మాత్రము అడుగకున్నను చట్టము కొనువాని పక్షమున నిలుచును. 1930 నాటి వస్తువిక్రయ చట్టము 14వ సెక్షను ప్రకారము, వేరొప్పందము లేనిచో, అమ్ము హక్కు తనకు కలదనియు, కొనువానికి తెలుపని తాకట్టు ఏదియు వస్తువుపై లేదనియు అమ్మువాడు హామీ ఇచ్చినట్లే. బ్యాంకు ఫైనాన్సు బాకీ దాచి బండి అమ్ముట ఈ హామీకి విరుద్ధము. ఆ బాకీ రిజిస్ట్రేషను పత్రములో నమోదై యుండును.

పొరుగు రాష్ట్రపు బండి యైనచో, అచటి రవాణా అధికారి ఇచ్చు నిరభ్యంతర పత్రము, అనగా ఎన్‌.ఓ.సి., చేతికి రానిదే సొమ్ము పూర్తిగా చెల్లింపరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, సామాన్యముగా 12 నెలలకు మించి మన రాష్ట్రములో ఉంచు బండికి ఇచటి నంబరు పొందవలెను. ఇచటి పన్ను కూడ బేరములో లెక్కకు రావలెను.

అమ్మువాడును ఆదమరువరాదు. పేరు మార్పును గూర్చి అతడు రాష్ట్రములోపలి అమ్మకమునకు 14 దినములలో, రాష్ట్రేతర అమ్మకమునకు 45 దినములలో తెలుపవలెను; కొన్నవానికి గడువు 30 దినములు. బండి అమ్మినను రికార్డులో తన పేరే యున్నచో, ప్రమాద నష్టపరిహారపు బాధ్యత అతనిదే యని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న నియమముల వలన, అధికార పత్రము పొందిన పాత బండ్ల వ్యాపారికి అప్పగించి, ఆ సంగతిని రవాణా శాఖకు తెలిపినచో, బాధ్యత వ్యాపారికి సంక్రమించును.

మేము చెప్పదలచినది ఒక్కటే. బేరము కుదురుటకు ముందు నాలుగు ప్రశ్నలు కాగితముపై వ్రాసి, జవాబుతో సంతకము పుచ్చుకొనుడు. బండి ప్రమాదమున చిక్కినదా? నీట మునిగినదా? మీటరు మార్చినారా? బాకీలు, చలానులు కలవా? 2014లో హుద్‌హుద్‌ను, 2018లో తిత్లీని చూచిన ఈ సీమలో రెండవ ప్రశ్నను మరువరాదు. నిజాయితీగల వానికి ఈ సంతకము భారము కాదు. సంతకమునకు వెనుదీయువాని బండి ఎంత చౌకయైనను, ఆ బేరము విడుచుటయే లాభము.