పళ్లు చూచి కాడి కట్టవలెను

ఏరువాక పున్నమినాడు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి పూజించుట మన పల్లెలలో పూర్వాచారము. 1852లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియై కాలువలు పారినది మొదలు గోదావరి డెల్టాలో తరతరములుగా దమ్ము చేసినవియు, ధాన్యము ఇంటికి చేర్చినవియు ఎడ్లు, దున్నపోతులే. నేడు ఆ పనిలో అధికభాగము ట్రాక్టరు చేయుచున్నది. అయినను కోడెలను మక్కువతో పెంచు రైతులు ఇంకను కలరు. కోడె మంచి పనిగొడ్డగునో, జీవితాంతము బెదరుగొడ్డుగా మిగులునో, దానికి కాడి నేర్పిన తీరునుబట్టి యుండును. కావున ఆ విషయమును ఇచ్చట వివరింపదలచితిమి.

లాగు నేర్పు పుట్టుకతో రాదు. తొలిసారి కాడి క్రింద నిలిచిన కోడె తల పైకెత్తును. ఒక్కుమ్మడిగా ముందునకు దుమికి ఆగిపోవును. దాని బలమంతయు కుదుపులలోనే వ్యర్థమగును. ఆరితేరిన ఎద్దు అట్లు చేయదు. తల వంచి, మూపురము ముందరి మెడను కాడికి ఆనించి, ఒంటిబరువును ముందునకు వాల్చి, పిమ్మట వెనుకకాళ్లతో నేలను తన్ని లాగును. దమ్ములో అడుగు కురుచచేసి, గిట్టను నిటారుగా పైకి తీయును. జోడు ఎద్దు అడుగుతో తన అడుగు కలుపును.

ఈ మార్పునకు కారణములు మూడు. ఎముకల చివరలనుండు మెత్తని భాగములు క్రమముగా గట్టిపడును. కండలును, కీళ్లును బలియును. బరువు ఎప్పుడు కదలునో అభ్యాసమువలన పశువునకు తెలియును. మొదటి రెండును వయస్సు తెచ్చునవి. మూడవది మాత్రమే మనము నేర్పగలిగినది. ఎముక ముదరకమునుపే బరువు కట్టినచో కీళ్లు చెడును, మెడ పుండుపడును. ఆ నొప్పి ఎరిగిన కోడె కాడిని చూడగానే చతికిలబడును. దానిని సోమరిదని కొట్టుట అన్యాయము.

గుర్రములకు దూకుట నేర్పువారును ఇదే సూత్రమును పాటింతురు. లేతగుర్రము అడ్డకర్రను చూచి తడబడును, లేదా అవసరమునకు మించి ఎగురును. పెరిగినకొలది దూరము అంచనా వేసి, ముందుకాళ్లు ముడిచి, వీపు వంచి దూకును. బెల్జియం దేశమునందలి లానకెన్‌లో లేతగుర్రములకు జరుగు ప్రపంచపోటీలలో 5, 6, 7 ఏండ్లవానికి వేర్వేరు తరగతులు కలవు. మన బండలాగుడు పందెములలో పాలపళ్లు, రెండుపళ్లు, నాలుగుపళ్లు, ఆరుపళ్లు అను విభాగము లుండుటయు ఇట్టిదే.

పశువునకు ముందువైపు పైదవడలో పళ్లుండవు. క్రిందిదవడలో 8 ఉండును. సుమారు 2 ఏండ్లు దాటిన పిమ్మట నడిమి పాలపళ్లు రెండు రాలి పెద్దపళ్లు వచ్చును. తరువాత జంటజంటగా మారుచు, 5 ఏండ్లు నిండుసరికి సాధారణముగా ఎనిమిదియు పూర్తియగును. ఈ లెక్కనుబట్టియే పని చెప్పవలెను.

పాలపళ్ల దశలో దూడను రోజును నిమిరి, పలుపు పట్టి నడిపించిన చాలును. రెండుపళ్లు వచ్చిన పిమ్మట నెమ్మదిగల ముసలి ఎద్దు ప్రక్కన వట్టి కాడి వేసి, గట్టినేలమీద కొద్దిసేపు త్రిప్పవలెను. కొన్ని దినములకు చిన్న దుంగను, ఆ తరువాత వట్టిబండిని లాగింపవచ్చును. దమ్ము, నిండుబండి నాలుగుపళ్లు దాటువరకు వలదు. ప్రతిదినము పని ముగియగానే మెడ తడిమి చూడవలెను. వాపు కనిపించినచో పని మాన్పించి పశువైద్యశాలకు తోలుకొనిపోవలెను.

పశుహింస నివారణకై 1960లో చట్టము వచ్చినది. దానిననుసరించి 1965లో చేసిన నియమముల ప్రకారము బండిలాగు పశువుచేత దినమునకు 9 గంటలకు మించియు, విరామము లేకుండ 5 గంటలకు మించియు పని చేయింపరాదు. ఇది ఎదిగిన ఎద్దునకు చెప్పిన హద్దు. లేతకోడెకు అందులో స్వల్పభాగమే చాలును.

ఒక్క ఏడాది ఓర్చిన రైతునకు ఎద్దు పదేండ్లు పనిచేయును. తొందరపడినవానికి మిగులునది మెడపుండు గొడ్డు మాత్రమే.