పిడుగు మర్మం: గొంగళిలో నిప్పురవ్వ నుంచి మబ్బులో మెరుపు దాకా

తొలకరి పడిందంటే పల్లెల్లో పని మొదలవుతుంది. విత్తనం, నారుమడి, నాట్లు, కలుపు - అన్నీ మబ్బు కింద చేయవలసిన పనులే. సరిగ్గా ఆ రోజుల్లోనే పత్రికల లోపలి పేజీలో ఓ మూలన నాలుగు పంక్తుల వార్త కనిపిస్తుంది: 'పిడుగుపాటుకు ఇద్దరు కూలీల మృతి'. మర్నాడు ఇంకో జిల్లా, ఇంకో వూరు. చనిపోయినవాళ్ళు ఎవరు? చేలో వంగి నాటేస్తున్నవాళ్ళు, మేకల వెంట తిరిగేవాళ్ళు, వానకు తడవకుండా చెట్టు కిందికి చేరినవాళ్ళు. మేడలో కూర్చున్నవారి పేరు ఆ వార్తలో కనపడటం చాలా అరుదు.

జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల ప్రకారం 2019 నుంచి 2022 దాకా ఏ సంవత్సరం చూసినా దేశంలో పిడుగులకు బలైనవారు 2,800 మందికి తక్కువ లేరు. 2022లో ప్రకృతి వైపరీత్యాలకు పోయిన ప్రాణాల్లో మూడోవంతుకు పైగా పిడుగుల వల్ల పోయినవే. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు పడినట్టు విపత్తు నిర్వహణ అధికారులు లెక్కగట్టారు.

'అంతా రాత' అంటారు కొందరు. ఉరిమినప్పుడు 'అర్జునా, ఫల్గుణా' అనుకోమని పెద్దవాళ్ళు నేర్పారు. భయం వేసినప్పుడు ధైర్యం కోసం అనుకున్న మాటను తప్పు పట్టనక్కరలేదు. కానీ పిడుక్కీ బియ్యానికీ ఒకటే మంత్రమా అని ఎద్దేవా చేసిన సామెత కూడా మన పెద్దలదే కదా! పిడుగు సంగతి విడిగా తెలుసుకోవలసిందే. అది తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కరలేదు. మన ఇంట్లో వున్న గొంగళి చాలు.

గొంగళిలో చిటపటలు

చలికాలం రాత్రి, గాలి బాగా పొడిగా వున్నప్పుడు, చీకట్లో గొంగళి విసురుగా లాగితే చిటపటమని చప్పుడవుతుంది. నీలంగా చిన్న చిన్న రవ్వలు కూడా కనిపిస్తాయి. మందలకాడ పడుకునే గొర్రెల కాపరులకు ఇది తెలిసిన సంగతే. పాలిస్టరు చొక్కా విప్పేటప్పుడు కూడా ఇంతే. నూనె లేని పొడి జుట్టును ప్లాస్టిక్ దువ్వెనతో నాలుగుసార్లు గట్టిగా దువ్వి, ఆ దువ్వెనను చిన్న కాగితపు ముక్కల దగ్గర పెట్టండి. ముక్కలు ఎగిరొచ్చి అంటుకుంటాయి. ఆ రవ్వా, ఈ లాగుడూ, ఆకాశంలో మెరుపూ - మూడూ ఒక్క జాతివే. తేడా అల్లా పరిమాణంలోనే.

ఎట్లాగో చూద్దాం. మట్టి, నీరు, దువ్వెన, జుట్టు, మన వొళ్ళు - అన్నీ పరమాణువులతో అయినవే. ప్రతి పరమాణువు నడుమ ధనావేశం వుంటుంది. చుట్టూ ఎలక్ట్రాన్లనే అతి సూక్ష్మమైన కణాలుంటాయి. వీటిది ఋణావేశం. ఈ ఎలక్ట్రానును 1897లో ఇంగ్లండులో జె.జె. థామ్సన్ కనుగొన్నాడు. మామూలుగా ధనమూ ఋణమూ సరిసమానంగా వుంటాయి. అందుకే ఏ వస్తువును ముట్టుకున్నా మనకేమీ తెలియదు. రెండు వస్తువులు ఒకదానికొకటి రాసుకున్నప్పుడు కొన్ని ఎలక్ట్రాన్లు ఒకదాన్ని విడిచి రెండోదానికి పోతాయి. జుట్టు నుంచి దువ్వెనకు ఎలక్ట్రాన్లు చేరితే దువ్వెన ఋణావేశం పొందుతుంది, జుట్టుకు అంతే ధనావేశం మిగులుతుంది.

ఇక్కడొక మాట గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. రాపిడి ఆవేశాన్ని కొత్తగా పుట్టించదు. ఈ గాదెలో తగ్గిన గింజలే ఆ గాదెలో పెరుగుతాయి. రెండు గాదెల లెక్క కలిపితే మునుపెంతో ఇప్పుడూ అంతే. ఇట్లా ఒకచోట పోగుపడి, పారకుండా నిలిచివున్న ఆవేశాన్నే స్థిర విద్యుత్తు అంటారు.

ఒకే రకం ఆవేశాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. వేరు రకాలవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి. గాలి బుడగలు రెండింటిని తలకు రుద్ది దారాలతో పక్కపక్కనే వేలాడదీయండి, ఎడమొహం పెడమొహంగా తొలగిపోతాయి. మరి కాగితపు ముక్కలను మనం రుద్దలేదే, అవెందుకొచ్చాయి? దువ్వెన మీది ఋణావేశం కాగితంలోని ఎలక్ట్రాన్లను అవతలికి నెడుతుంది. దువ్వెన వైపు ధనావేశం తేలుతుంది, లాగుడు మొదలవుతుంది. తాకకుండానే ఎదుటివస్తువులో ఆవేశాన్ని అటూ ఇటూ జరిపే ఈ గుణం పేరు ప్రేరణ. పిడుగు కథంతా దీనిమీదే వుంది.

పనివాళ్ళు విప్పిన ముడి

చెట్టు బంక గట్టిపడి రాయిలా మారిన ఆంబరును రుద్దితే పొట్టును లాగుతుందని గ్రీకులు ప్రాచీనకాలంలోనే గమనించారు. ఆ ఆంబరుకు గ్రీకు భాషలో ఎలక్ట్రాన్ అని పేరు. ఎలక్ట్రిసిటీ అనే మాట పుట్టుక అదే. తర్వాత ఈ ముడిని విప్పినవాళ్ళలో కష్టపడి బతికినవాళ్ళున్నారు. ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే బట్టలకు రంగులద్దే పనివాడు. ఆవేశం నారతాడు వెంట వందల అడుగుల దూరం పోతుందనీ, పట్టుదారం దాన్ని పోనివ్వదనీ 1729లో చూపించాడు. పోనిచ్చేవి వాహకాలు, పోనివ్వనివి బంధకాలు. లోహాలు, తడినేల, చెట్టు, మన వొళ్ళు వాహకాలు. పొడి గాలి, ప్లాస్టిక్, గాజు, రబ్బరు బంధకాలు. ఆవేశాలు రెండు రకాలని 1733లో ఫ్రాన్సులో డ్యూఫే తేల్చాడు. ధనం, ఋణం అనే పేర్లు పెట్టింది అమెరికాలో అచ్చాఫీసు పనివాడుగా బతుకు మొదలుపెట్టిన బెంజమిన్ ఫ్రాంక్లిన్. దూరం రెండింతలయితే ఆవేశాల మధ్య బలం నాలుగోవంతుకు పడిపోతుందని 1785లో కూలుంబ్ కొలిచి చెప్పాడు.

మెరుపు కూడా విద్యుత్తేనన్నాడు ఫ్రాంక్లిన్. ఆయన చెప్పిన పద్ధతిలోనే 1752 మే నెలలో ఫ్రాన్సులో పొడుగాటి ఇనుప కడ్డీ నిలబెట్టి, ఉరిమే మబ్బు నుంచి రవ్వలు రాబట్టారు. 1753లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రిచ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఇంటిమీది కడ్డీని భూమికి కలపకుండా ఇలాంటి ప్రయోగమే చేస్తూ పిడుగుకు బలయ్యాడు. కడ్డీ ఒక్కటే కాపాడదు, దాన్ని భూమికి కలిపిన తీగె కాపాడుతుంది. ఆ పాఠానికి ఒక ప్రాణం ఖరీదయింది.

రవ్వ చంపదు, పిడుగు చంపుతుంది - ఎందుకు?

చొక్కా రవ్వలో వేల వోల్టులుంటాయంటే నమ్మబుద్ధి కాదు. ఇంట్లో కరెంటు 230 వోల్టులే, అయినా ప్రాణం తీస్తుంది. ఇదెట్లా? వోల్టులంటే ఒత్తిడి. ఆవేశం అంటే సరుకు. తాటిచెట్టంత ఎత్తు నుంచి ఒక్క నీటిచుక్క నెత్తిన పడితే ఏమీ కాదు. చెరువుకట్ట తెగితే వూరే కొట్టుకుపోతుంది. చొక్కా రవ్వలో ఒత్తిడి ఎక్కువే, సరుకు మాత్రం చుక్కంత. రెప్పపాటులో అయిపోతుంది. ఇంటి కరెంటులో సరుకు ఆగకుండా వస్తూనే వుంటుంది. పిడుగులోనో, ఒత్తిడీ సరుకూ రెండూ భయంకరమే.

అయితే చిన్న రవ్వను చులకన చేయకూడదు. పెట్రోలు ఆవిరికి ఆ రవ్వ చాలు. ప్లాస్టిక్ డబ్బాను బండిమీదో ఒళ్ళోనో పెట్టుకుని పెట్రోలు పోయించుకోవద్దనేది అందుకే. నూలు మిల్లుల్లో గాలిని తేమగా వుంచేదీ పోగులు ఆవేశం పట్టి చిక్కుపడకుండానే. తేమ ఆవేశాన్ని నిలవనివ్వదు. గొంగళి రవ్వలు వానాకాలం కనపడకపోవడానికి కారణం ఇదే.

మబ్బులో రాపిడి

వానాకాలంలో రవ్వలు రావంటిరి, మరి పిడుగులు అప్పుడే ఎందుకు పడతాయని అడగవచ్చు. నేలమీద కాదు, రాపిడి జరిగేది పైన. ఉరుముల మబ్బు పది కిలోమీటర్ల పైదాకా పెరుగుతుంది. అంత ఎత్తున చలికి నీరు గడ్డకడుతుంది. వేడిగాలి పైకి ఎగదన్నుతుంటే చిన్న మంచు పలుకులు పైకి పోతుంటాయి, బరువైన మంచు గుళికలు కిందికి జారుతుంటాయి. దారిలో కోట్లాది ఢీకొట్లు. పలుకులు ధనావేశంతో పైకి చేరతాయి. గుళికలు ఋణావేశంతో మబ్బు కింది భాగంలో పోగుపడతాయి. దువ్వెన కథే ఇది, కొండంతగా.

ఇక ప్రేరణ మొదలు. మబ్బు అడుగున ఋణావేశం వుంది కనక కింద నేలమీద ధనావేశం పైకి తేలుతుంది. చెట్లు, స్తంభాలు, గుడి శిఖరాలు, ఎత్తుగా మొనదేలినవన్నీ దాన్ని ఎక్కువగా పోగుచేసుకుంటాయి. మధ్యనున్న గాలి బంధకం. పొడి గాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టుల దాకా ఓర్చుకుంటుంది. మబ్బులో నీటిబొట్లూ మంచూ వుండటంతో అంతకన్న ముందే గాలి ఓడిపోతుంది. చాలా మెరుపులు మబ్బులోనే ముగిసిపోతాయి. కొన్ని మాత్రం అంచెలంచెలుగా కిందికి దారి చేసుకుంటూ వస్తాయి. నేలమీది ఎత్తయిన వస్తువుల నుంచి కూడా ఒక పాయ ఎదురు లేస్తుంది. రెండూ కలిసిన క్షణమే పిడుగు. ఆ దారిలో సుమారు 30 వేల ఆంపియర్ల విద్యుత్తు పారుతుంది. గాలి 30 వేల డిగ్రీల దాకా వేడెక్కుతుంది, అంటే సూర్యుడి ఉపరితలానికి అయిదింతలు. అంత వేడికి గాలి పేలినట్టు వ్యాకోచిస్తే వచ్చే చప్పుడే ఉరుము.

చదునైన చేలో నిలబడ్డ కూలీయే అక్కడ అన్నిటికన్న ఎత్తయిన వస్తువు. అతను ఏ పాపమూ చేయలేదు.

ప్రాణం ఎట్లా పోతుంది, ఎట్లా దక్కుతుంది

పిడుగు నేరుగా మనిషి మీద పడటం తక్కువ. చెట్టుమీద పడి పక్కకు దూకుతుంది. మాను కన్నా మన వొళ్ళు మంచి వాహకం కావడమే కారణం. నేలలో దిగి నలువైపులా పాకుతుంది కూడా. ఒక కాలి దగ్గర ఒత్తిడి ఎక్కువ, ఇంకో కాలి దగ్గర తక్కువ వుంటే విద్యుత్తు ఒక కాల్లో ఎక్కి రెండో కాల్లోంచి దిగుతుంది. పశువుల ముందుకాళ్ళకూ వెనకకాళ్ళకూ ఎడం ఎక్కువ కాబట్టి చెట్టు కింద మంద మొత్తం ఒక్కసారే కూలుతుంది.

అందుచేత చేయవలసినవి ఇవి:

మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. చప్పుడు కిలోమీటరు రావడానికి మూడు సెకన్లు పడుతుంది. 30 లెక్కపెట్టేలోగా ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే వుంది. పని ఆపాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా చేలో దిగకూడదు.

చెట్టు కిందికి పోవద్దు. పాకా, మంచె, కల్లం దగ్గరి పందిరీ పిడుగును ఆపలేవు. డాబా ఇంట్లోకో, తలుపులు మూసిన బస్సు, కారులోకో చేరాలి. లోహపు పెట్టె లోపల వున్నవారికి బయటి విద్యుత్తు సోకదని 1836లో మైకేల్ ఫారడే చూపించాడు. ఆయనా కమ్మరి కొడుకే, పుస్తకాలు కుట్టే పనిలో పెరిగినవాడే. టాపు లేని ట్రాక్టరుకు ఈ రక్షణ లేదు.

నీళ్ళు నిలిచిన మడిలోంచి, చెరువులోంచి వెంటనే బయటికి రావాలి. తీగె కంచెకూ, మోటారుకూ, కరెంటు స్తంభానికీ దూరంగా వుండాలి. ఏ గూడూ లేకపోతే గుంపుగా కాకుండా విడివిడిగా, పాదాలు రెండూ దగ్గరగా చేర్చి, తల వంచి గొంతుక్కూర్చోవాలి. నేలమీద పడుకోకూడదు. ఇది గత్యంతరం లేనప్పుడు చేసేదే తప్ప రక్షణ కాదని మరవకండి.

పిడుగు తగిలినవారి వొంట్లో విద్యుత్తు నిలవదు. ముట్టుకుంటే ఏమీ కాదు. గుండె ఆగినట్టుంటే ఛాతీ నడుమ రెండంగుళాలు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ వుండాలి, 108కి కబురు చేయాలి. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో ఇలాంటివారిని పేడలో పూడ్చిపెట్టిన వుదంతాలున్నాయి. బతికే మనిషిని చేజేతులా చంపుకోవడమే అది.

అడగవలసినవి

పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ తయారుచేసిన 'దామిని' సెల్‌ఫోనులో పిడుగు హెచ్చరిక ఇస్తుంది. ముఠాలో ఒక్కరి దగ్గర ఫోనున్నా అందరికీ పనికొస్తుంది. కానీ హెచ్చరిక వచ్చాక పని ఆపే హక్కు లేకపోతే హెచ్చరిక ఎందుకు? 'ఇంకో రెండు మళ్ళు నాటి పొండి' అనే ఆసామి మాటకు తలవొగ్గితేనే కదా ప్రాణం పోయేది. ఉరిమినప్పుడు గట్టెక్కిన అరగంటకు కూలి కోయకూడదని పనిలో దిగేముందే మేస్త్రి మాట్లాడుకోవాలి. బడికీ, పంచాయతీ డాబాకూ భూమిలోకి సరిగా దించిన పిడుగు కడ్డీ కావాలని గ్రామసభలో అడగాలి.

నష్టపరిహారం సంగతి కూడా తెలుసుకోవాలి. 2015 నుంచి అమలైన కేంద్ర నిబంధనలు విపత్తు మృతుల కుటుంబానికి 4 లక్షల రూపాయల సాయం నిర్ణయించాయి. ఆ నిబంధనల విపత్తుల జాబితాలో పిడుగు పేరు లేదు. రాష్ట్రం దాన్ని స్థానిక విపత్తుగా ప్రకటిస్తే విపత్తు నిధిలో 10 శాతం దాకా అలాంటి వాటికి వాడుకోవచ్చన్నారు. కనక ఎవరైనా చనిపోతే దుఃఖంలో తొందరపడి దహనం చేసేయకుండా పోలీసులకు తెలిపి, పంచనామా, శవపరీక్ష జరిపించి, ఆ కాగితాలతో తహసీల్దారుకు అర్జీ పెట్టాలి. సంఘాల కార్యకర్తలు ఆ కుటుంబం వెంట నిలబడాలి.

నాట్లు మొదలయ్యే ముందు ఒక సాయంత్రం రచ్చబండ దగ్గర దువ్వెనా, కాగితపు ముక్కలూ పెట్టి ఈ సంగతి పిల్లలకూ పెద్దలకూ చేసి చూపించండి. పావుగంట పని. ఉరుము వినగానే చెట్టు వైపు పరుగెత్తే అలవాటు మానిపించగలిగితే, ఆ పావుగంటకు అంతకన్న ఫలితం ఏం కావాలి?