దరఖాస్తులో దాచిన మగ్గం

వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. పాత పత్రికలకోసం ఎక్కడెక్కడి పరిశోధకులో వెతుక్కుంటూ వచ్చే గ్రంథాలయమది. మొన్న అక్కడ కూర్చుని ఉండగా మా వీధి కుర్రవాడొకడు వచ్చాడు. బి.కాం. ప్యాసయ్యాడు. ఒక బట్టల కంపెనీలో లెక్కలు రాసే ఉద్యోగానికి దరఖాస్తు పెడుతున్నాడట.

"బాబాయిగారూ, ఈ బయోడేటా కాస్త చూసిపెట్టండి" అన్నాడు.

చూశాను. నాలుగు పేజీలు! తండ్రిపేరు, కులం, మతం, ఎత్తు, బరువు అన్నీ ఉన్నాయి. పెళ్ళిసంబంధానికైతే భేషుగ్గా ఉంటుంది. "కష్టపడి పనిచేసేవాణ్ణి" అని మూడుచోట్ల ఉంది. ఆ మాట రాయనివాడెవడు?

"చదువుకుంటూనే మాస్టర్ వీవరు దగ్గర లెక్కలు రాశావు కదా, అదేదిరా?" అన్నాను.

తల వంచుకున్నాడు. "మగ్గాల సంగతి రాస్తే చిన్నచూపు చూస్తారేమోనని..."

నాకు మనసు చివుక్కుమంది. ఇంటిల్లిపాదికీ అన్నంపెట్టిన మగ్గాన్ని వాడు దాచుకుంటున్నాడు!

1482 ప్రాంతంలో లియొనార్డో డావిన్సీ కొలువుకోసం మిలాన్ ఏలిక లుడోవికో స్ఫోర్జాకు ఒక లేఖ సిద్ధం చేసుకున్నాడు. అందులో ముందు రాసింది తన చిత్రకళ కాదు. వంతెనలు, ఫిరంగులు, యుద్ధయంత్రాలు. చిత్రలేఖనం ప్రసక్తి చిట్టచివర వస్తుంది. ప్రభువుకు కావలసిందేదో ఆయనకు తెలుసు.

మా వాడిచేత తిరగరాయించాను. మొదటి పేజీలోనే, "18 మగ్గాలకు నూలు పంపకం, నేసిన బట్ట జమ, వారంవారం కూలి లెక్కలు 3 సంవత్సరాలు రాశాను" అని పెట్టించాను. తరువాత చదువు, కంప్యూటరు శిక్షణ. కంపెనీ ప్రకటనలో ఏ పనులు అడిగారో, అందులో తనకు వచ్చినవాటిని అవే మాటలతో రాయించాను. ఈ రోజుల్లో తొలి వడపోత చాలాచోట్ల కంప్యూటరే చేస్తోంది. కులం, మతం, బరువు కొట్టేయించాను. రెండు పేజీలకు కుదిరింది. ప్రభుత్వోద్యోగాలకు మాత్రం వారిచ్చిన ఫారం ఎలా అడిగితే అలాగే నింపాలి సుమా! ఎక్కడైనా సరే, లేని అర్హత రాయకూడదు. సర్టిఫికెట్లు చూసేనాడు పరువు పోతుంది.

పదిరోజులకు ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. వాళ్ళడిగిన మొదటి ప్రశ్న మగ్గాల లెక్కల గురించేనట!

ఉద్యోగం వచ్చిందా అంటారా? ఇంకా తెలియలేదు. కాని ఆ దరఖాస్తును వాడు తండ్రికి చదివి వినిపించాడు. మొదటిదాన్ని వినిపించలేదు.