తర-తమ భేదాలు: పిల్లలకు చెప్పడం ఎలా?

మన విద్యార్థి మిత్రులలో రేపు పంతుళ్లు, పంతులమ్మలు కాబోయేవారు చాలామందే ఉంటారు. ఇంగ్లీషు చెప్పవలసివస్తే వారికి మొదట ఎదురయ్యే చిక్కుల్లో ఇదొకటి. "హి రన్స్ ఫాస్ట్ దేన్ మి" అంటాడొక కుర్రాడు. దిద్దితే "మోర్ ఫాస్టర్" అంటాడు. తరగతి గొల్లుమంటుంది. ఆ కుర్రాడు మళ్లీ నోరు విప్పడు.

నిజానికి వాడు తెలివితక్కువవాడేమీ కాడు. తెలుగు వ్యాకరణాన్నే ఇంగ్లీషులో నడుపుతున్నాడు. "వేగంగా పరుగెత్తాడు, నాకంటే వేగంగా పరుగెత్తాడు, అందరికంటే వేగంగా పరుగెత్తాడు" - మూడింటిలోనూ 'వేగంగా' అన్న క్రియావిశేషణం కదలలేదు, మెదలలేదు. పోలిక భారమంతా 'కంటే' మోసింది. మనం చిన్నప్పుడు వల్లించిన పంచమీ విభక్తి ఇదే. ఇక 'ఇంకా వేగంగా' అనే అలవాటే 'మోర్ ఫాస్టర్' అనిపిస్తుంది.

కృష్ణ ఒడ్డున ఉన్న మన శ్రీకాకుళమే ఇందుకు సాక్షి. అక్కడి ఆంధ్ర మహావిష్ణువు కలలో కనిపించి తెలుగులో కావ్యం చెప్పమన్నాడని కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద'లో చెప్పుకున్నాడు. దేశభాషలలో తెలుగే మేలని అక్కడి తీర్పు. ఆ తీర్పులోని మాట 'లెస్స'. "లెస్స పలికితివి" అన్నా అదే మాట. అర్థం 'బాగు', 'బాగా' అనే. అన్నిటిలోకీ మిన్న అన్న బలం దానికి 'అందు' అనే సప్తమి వల్ల వచ్చింది.

సంస్కృతం, ఇంగ్లీషు అలా కాదు. అక్కడ మాటే రూపు మారుతుంది. లఘు, లఘుతర, లఘుతమ. ఫాస్ట్, ఫాస్టర్, ఫాస్టెస్ట్. 'తారతమ్యం' అన్న మాట ఆ తర-తమల నుంచి పుట్టిందే.

కనుక పాఠం తెలుగుతోనే మొదలుపెట్టాలి. "అవనిగడ్డ బస్సుకంటే గుడివాడ బస్సు ముందుగా వచ్చింది" అనిపించి, ఏ మాట మారిందో పిల్లలనే వెతకమనాలి. ఏదీ మారలేదని వాళ్లే కనుక్కుంటారు. ఇంగ్లీషులో మారేది 'ఎర్లీ' అని, అది 'ఎర్లియర్' అవుతుందని అప్పుడు చూపాలి. తెలుగులో 'కంటే' పేరు తరువాత వస్తే, 'దేన్' పేరుకు ముందు వస్తుందనీ చెప్పాలి.

ఆ తరువాత సూత్రం. ఫాస్ట్, హార్డ్, సూన్, లేట్ వంటి పొట్టి మాటలకు ఎర్, ఎస్ట్. స్లోలీ, కేర్‌ఫుల్లీ వంటి 'లీ' మాటలకు ముందు మోర్, మోస్ట్. 'ఎర్లీ' మాత్రం ఈ కట్టుకు లొంగదు. మోర్, ఎర్ - ఈ రెండూ ఒక మాటపై కూడవు. వెల్-బెటర్-బెస్ట్, బ్యాడ్లీ-వర్స్-వర్స్ట్ కంఠస్థం చేయించవలసినవే.

ఒక్క జాగ్రత్త. ఉదాహరణలకు తరగతిలోని పిల్లల్నే పోలుస్తూపోతే, ప్రతి వాక్యంలోనూ వెనుకబడేవాడొకడు మిగులుతాడు. బస్సుల్ని పోల్చండి, పడవల్ని పోల్చండి. పిల్లవాణ్ణి మాత్రం వాడితోనే పోల్చండి: "నిన్నటికంటే ఇవాళ బాగా చదివావురా!" బెటర్ దేన్ యెస్టర్‌డే. ఆ వాక్యాన్ని ఏ పిల్లవాడూ మరచిపోడు.