జర్మన్ షెపర్డ్ వెనక్కి ఎందుకు వాలింది?

జర్మన్ షెపర్డ్ పిల్లను కొనబోతూ సలహా కోసం నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది ఒకే మాట అడుగుతారు: "డాక్టర్‌గారూ, వెనక భాగం బాగా దిగిందా?" ఎంత దిగితే అంత మేలుజాతి అని వాళ్ల నమ్మకం. పశువైద్యుడిగా నన్ను ఎక్కువ బాధపెట్టే నమ్మకం అదే.

ఈ జాతి మొదలైంది 1899లో. జర్మనీలోని కార్ల్స్‌రూయెలో జరిగిన ఒక ప్రదర్శనలో మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ అనే అశ్వికదళ కెప్టెన్ ఓ గొర్రెల కాపరి కుక్కను చూసి ముచ్చటపడి కొన్నాడు. దానికి హోరాండ్ అని పేరు మార్చాడు. అదే సంవత్సరం సంఘం పెట్టి, జాతి రిజిస్టరులో ఒకటో నంబరు దానికే ఇచ్చాడు. హోరాండ్ పాత ఫొటోలు దొరుకుతాయి, చూడండి. వీపు తిన్నగా ఉంటుంది.

అలా ఉండాల్సిన పని దానిది. మన గొల్లల, కురుమల మందల వెంట ఉండే కుక్కలు తోడేళ్ల నుంచి కాపలా కాస్తాయి. జర్మనీ కుక్కకు ఇంకో బాధ్యత ఉండేది. కంచెల్లేని పంటచేల మధ్య సన్నటి పచ్చిక పట్టీల్లో మందను మేపేవారు. గొర్రె పైరులో మూతి పెట్టకుండా ఆ కుక్క చేను అంచున చాలు వెంట పొద్దస్తమానం అటూ ఇటూ తిరిగేది. నడకా కాదు, పరుగూ కాదు, ట్రాట్ అంటారు దాన్ని. అలసట లేకుండా ఆ ట్రాట్ సాగాలంటే ఒళ్లు ఎత్తుకన్నా కొంచెం పొడవుండాలి. జాతి ప్రమాణం ఈనాటికీ అడిగేది 10 నుంచి 17 శాతం ఎక్కువ పొడవు మాత్రమే.

1920ల నాటికి కుక్కలు మరీ ఎత్తుగా పెరుగుతున్నాయని స్టెఫానిట్జ్‌కు అనిపించింది. 1925లో జాతి ప్రదర్శనలో పొట్టిగా, పొడవుగా ఉన్న క్లోడో ఫాన్ బాక్స్‌బెర్గ్ అనే కుక్కను విజేతగా ఎంచాడు. ఆ ఒక్క బహుమతితో జాతి అటు మళ్లింది. ఆయన ఉద్దేశం మంచిదే. 1936లో ఆయన పోయాక కూడా బహుమతికి ఆ బలం అలాగే ఉంది, చేతులు మాత్రం మారాయి.

ప్రదర్శన బరిలో న్యాయనిర్ణేత చూసేది కొద్ది నిమిషాలు. వెనక కాలు ఎక్కువ వంపు తిరిగి ఉంటే అడుగు పొడుగ్గా పడుతుంది, కుక్క గాలిలో తేలినట్టు కనిపిస్తుంది. చప్పట్లు దానికే. గెలిచిన మగకుక్క దగ్గరికి ఊరూరి నుంచీ ఆడకుక్కలను తీసుకొస్తారు. 1970ల నుంచి జర్మన్ ప్రదర్శన కుక్కల్లో వీనెరావ్ కెన్నెల్‌కు చెందిన కాంటో, క్వాంటో అనే రెండు మగకుక్కల రక్తమే చాలావరకు పరుచుకుంది. తరం తరానికీ వంపు ఇంకాస్త పెరిగింది. ఇంకో సంగతి, బరిలో ఒక వెనక కాలిని వెనక్కి లాగి నిలబెడతారు. ఫొటోలో మనం మెచ్చుకునే వాలులో కొంత ఆ నిలబెట్టడం వల్ల వచ్చిందే.

వంపు హద్దు దాటితే వెనక మడమలు ఊగుతాయి, కాలి కింది భాగం దాదాపు నేలకు ఆనుతుంది. 2016లో ఇంగ్లండ్‌లో జరిగిన క్రఫ్ట్స్ కుక్కల ప్రదర్శనలో జాతి విజేతగా నిలిచిన జర్మన్ షెపర్డ్ నడక టీవీలో చూసి జనం మండిపడ్డారు. నాకూ కడుపు తరుక్కుపోయింది.

వాలినందువల్లే తుంటి జబ్బు వస్తుందని కొందరంటారు. అంత సూటి లెక్క కాదు. హిప్ డిస్ప్లేషియాలో తుంటి గిన్నె లోతు తక్కువై ఎముక బంతి వదులుగా కదులుతుంది. తిన్నని వీపున్న కుక్కకూ అది రావచ్చు. అందుకే జర్మనీ సంఘం 1960ల్లోనే తుంటి ఎక్స్‌రేలు చూడ్డం మొదలుపెట్టింది.

పని కోసమే పెంచిన జర్మన్ షెపర్డ్‌లు జర్మనీలో, చెక్ దేశంలో ఇంకా ఉన్నాయి. మందతోనే పెట్టే పరీక్ష కూడా అక్కడ సాగుతోంది. అయినా ఎన్నో దేశాల పోలీసులు, సైన్యాలు ఇప్పుడు బెల్జియన్ మాలినాయ్ అనే జాతి వైపు మళ్లారు.

కొనేవాళ్లకు నేను చెప్పేది ఇది. పిల్ల తల్లిదండ్రులను గొలుసు వదులు చేసి నడిపించమనండి. మీరు వెనక నిలబడి మడమలు తిన్నగా పడుతున్నాయో లేదో చూడండి. మెట్లు ఎక్కించి, దింపించండి. తర్వాత ఆ రెండింటి తుంటి ఎక్స్‌రేలు అడగండి. కప్పులూ పతకాలూ చూపించి ఎక్స్‌రే లేదంటే, అక్కడ పిల్లను తీసుకోవద్దు.