వరుస తప్పితే.. అక్షరం దొరకదు!

చైనా లిపి నేర్చుకునే వారికి గీతల క్రమమే తొలి పాఠం

నల్లకుంట: పలకపై ‘అ’ దిద్దించేటప్పుడు పిల్లల వేలు పట్టుకొని పెద్దలు చూపేది అక్షరం ఆకారాన్ని మాత్రమే కాదు.. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎటు తిప్పాలి, ఎక్కడ ఆపాలి అనే వరుసను కూడా. నల్లకుంట శంకర మఠంలో అక్షరాభ్యాసం జరిగిన పిల్లలైనా, బడిలో ఓనమాలు దిద్దిన వారైనా ఆ వరుసను చేతితోనే నేర్చుకుంటారు. చైనా లిపి నేర్చుకోదలచిన వారు ఎంత పెద్ద చదువులు చదివినా మళ్లీ ఆ పలక దగ్గరకు రావలసిందే.

నల్లకుంటకు చేరువలో, ఉస్మానియా ప్రాంగణం పక్కనున్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో చైనా భాషనూ బోధిస్తారు. 1958లో ఆంగ్ల బోధన సంస్థగా మొదలైన ఇది 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయమైంది. వైద్య విద్యకు చైనా వెళ్లే తెలుగు విద్యార్థులకూ ఈ భాషతో పని పడుతుంది. తరగతిలో పాఠాలు ఆంగ్లంలో సాగినా, ఆసుపత్రిలో రోగి చెప్పేదీ, కేస్‌షీటులో రాసేదీ చైనా భాషలోనే.

చదరానికి మూడే గీతలు

‘నోరు’ అనే అక్షరం చిన్న చదరంలా ఉంటుంది. కొత్తవారు దానిని నాలుగు గీతలుగా లెక్కిస్తారు. నిజానికి మూడే. మొదట ఎడమ నిలువు గీత. తర్వాత పై అడ్డగీత గీసి, కలం ఎత్తకుండానే కుడివైపు కిందికి దించాలి. చివర అడుగు గీత. ఈ లెక్క తప్పితే నిఘంటువులో అక్షరం దొరకదు. 1716లో వెలువడిన కాంగ్‌షీ నిఘంటువు 214 మూల రూపాలను గీతల సంఖ్యను బట్టి వరుసగా అమర్చింది. ‘నోరు’ అందులో మూడు గీతల వర్గంలో ఉంటుంది. నాలుగు గీతల వర్గంలో ఎంత వెతికినా కనిపించదు.

ఇవీ నియమాలు

- పై నుంచి కిందికి: ‘మూడు’ అంటే మూడు అడ్డగీతలు. పై గీతే ముందు.
- ఎడమ నుంచి కుడికి: ‘నది’కి మూడు నిలువు గీతలు. ఎడమది ముందు.
- అడ్డం ముందు, నిలువు తర్వాత: ‘పది’ కూడిక గుర్తులా ఉంటుంది.
- మధ్య ముందు, పక్కలు తర్వాత: ‘చిన్న’ అనే అక్షరం ఇలా రాస్తారు.
- లోపలికి వెళ్లాకే తలుపు మూయాలి: ‘పొలం’ నాలుగు గళ్ల కిటికీలా ఉంటుంది. లోపలి గీతలు పూర్తయ్యాకే అడుగు గీతతో మూసివేయాలి.

వరుసతో పాటు గీత పొడవునూ గమనించాలి. ‘మట్టి’, ‘పండితుడు’ అనే అక్షరాలకు గీతలూ అవే, వరుసా అదే. కింది అడ్డగీత పొడవైతే మట్టి, పై గీత పొడవైతే పండితుడు!

ఫోన్ ఉండగా ఎందుకు?

ఇప్పుడు ఉచ్చారణను ఆంగ్ల అక్షరాల్లో కొడితే ఫోనే చైనా అక్షరాన్ని చూపుతుంది. అయినా వరుసతో పని తీరలేదు. గీతలను అడ్డం, నిలువు, ఎడమకు వాలు, చుక్క, మలుపు అని ఐదు రకాలుగా విభజించి, ఐదు మీటలతో టైపు చేసే పద్ధతీ ఉంది. అందులో మీటలు నొక్కవలసింది గీతల వరుసలోనే. చేతిరాత చదవాలన్నా ఇదే ఆధారం. వేగంగా రాసేటప్పుడు ఒక గీత చివర తర్వాతి గీత మొదలుకు కలిసిపోతుంది. వరుస తెలిసిన వారికే ఆ కలయికలో అక్షరం కనిపిస్తుంది.

చైనా ప్రభుత్వం 2013లో 8,105 ప్రామాణిక అక్షరాల జాబితా ప్రకటించింది. వాటిలో 3,500 నిత్య వాడుకలోనివి. అయితే దేశాన్ని బట్టి వరుస కొంత మారుతుంది. ‘కుడి’ అనే అక్షరాన్ని చైనాలో అడ్డగీతతో, జపాన్‌లో వాలుగీతతో మొదలుపెడతారు. అందువల్ల జపాన్ భాష నేర్చుకున్నవారు చైనా లిపికి వచ్చినప్పుడు సరిచూసుకోవాలి.

సాధనకు గళ్ల నోటుపుస్తకం చాలు. చైనా పిల్లలు వాడే నాలుగు భాగాల గడిని ‘పొలం’ అక్షరం పేరుతోనే పిలుస్తారు. ఒక్కో గడిలో ఒక్కో అక్షరం, ప్రతిసారీ అదే వరుసలో దిద్దాలి. బొమ్మలా చూసి గీసినది త్వరగా మరుపున పడుతుంది. వరుసగా దిద్దినది చేతికి గుర్తుండిపోతుంది.