ఎవరి తృప్తికి ఈ కథ?

సరస్వతీ నది పశ్చిమ తీరాన శమ్యాప్రాసమనే ఆశ్రమం. సూర్యోదయ వేళ నదీజలాలను స్పృశించి వ్యాస మహర్షి ఏకాంతంగా కూర్చున్నాడు. వేదరాశిని నాలుగుగా విభజించినవాడు, వేదాధ్యయనానికి నోచుకోని వారి కోసం మహాభారతాన్ని రచించి ఇచ్చినవాడు. లోకానికి చేయవలసినదంతా చేశాడు. అయినా మనసు కుదుటపడడం లేదు. ఏదో వెలితి. అది ఏమిటో ఆయనకే అంతుబట్టడం లేదు. శ్రీమద్భాగవతం ప్రథమ స్కంధంలో మనకు కనిపించే వ్యాసుడు ఈ దిగులుతో ఉన్న వ్యాసుడే.

అప్పుడు వీణాపాణియై నారదుడు వచ్చాడు. వచ్చి ఓదార్చలేదు, మందలించాడు. ధర్మాదులను ఎంతో విపులంగా వర్ణించిన నీవు వాసుదేవుని మహిమను అంతగా కీర్తించలేదన్నాడు. అంతటితో ఆగలేదు. మానవులు సహజంగానే కోరికల వెంట పరుగెత్తేవారు, అటువంటివారికి కామ్యకర్మలనే ధర్మంగా చెబితే నీ మాటను ప్రమాణంగా పట్టుకుని అక్కడే నిలిచిపోతారు, వేరెవరు వారించినా వినరు అని హెచ్చరించాడు. ఆ మందలింపు నుంచి పుట్టినదే భాగవతం.

పౌరాణికులు ఈ ఘట్టాన్ని భక్తి మహిమను నిరూపించడానికి చెబుతారు. అది సముచితమే. అయితే కథ చెప్పేవారందరికీ ఇందులో ఒక చిక్కుప్రశ్న ఉన్నదని నా భావన. వ్యాసుడు భారతాన్ని కరుణతో రచించాడే గాని చప్పట్ల కోసం రచించలేదు. అంతటి సదుద్దేశంతో చేసిన పనిలో కూడా, వినేవారి అభిరుచికి చోటిచ్చిన మేరకు కర్తకు లోపల తృప్తి మిగలలేదు. మరి కేవలం వినేవారిని మెప్పించడానికే కథ అల్లేవాని మాటేమిటి?

వాల్మీకి విషయంలో క్రమం వేరు. క్రౌంచపక్షి కోసం కలిగిన శోకం శ్లోకమైంది. బ్రహ్మ ఆజ్ఞతో రామకథ అంతా కూర్చాడు. కూర్చిన తరువాత గాని ఆయనకు మరో ఆలోచన రాలేదు: దీనిని ఎవరు గానం చేస్తారు? సరిగ్గా ఆ క్షణంలో కుశలవులు వచ్చి పాదాలకు నమస్కరించారు. బాలకాండ నాలుగవ సర్గలో ఈ వరుస స్పష్టంగా ఉంది. ముందు కావ్యం, తరువాత గాయకులు, ఆ పిమ్మట శ్రోతలు. విన్న మునులు ఆనందం పట్టలేక ఒకరు కలశం, ఒకరు నారచీర, ఇలా తమ దగ్గర ఏది ఉంటే అది ఆ బాలకులకు బహుమానంగా ఇచ్చారు. వాల్మీకి శ్రోతలను కాదనలేదు. శ్రోతల కోసం కథను మార్చవలసిన అవసరం ఆయనకు రాలేదు, అంతే.

సంస్కృత నాటకకర్తలు ఈ విషయంలో రెండు దారుల్లో నడిచారు. పండితులు సంతోషించేవరకు తన నైపుణ్యాన్ని నమ్మలేనని కాళిదాసు శాకుంతల ప్రస్తావనలో సూత్రధారునిచేత చెప్పించాడు. తన్ను చులకన చేసేవారి కోసం ఈ ప్రయత్నం కాదని, కాలం అనంతం, భూమి విశాలం గనుక తనవంటి మనసు గలవాడు ఎప్పుడో ఎక్కడో పుడతాడని భవభూతి మాలతీమాధవంలో అన్నాడు. కాళిదాసుది వినయమూ, భవభూతిది గర్వమూ అనేస్తే తేలిపోతుంది గాని, భవభూతి మాటలో వేదన లేదా? అంతకన్నా గొప్ప ఓపిక లేదా? ఇక 1574లో అయోధ్యలో రామచరితమానస రచన ఆరంభించిన తులసీదాసు, తన అంతరంగ సుఖం కోసమే రాస్తున్నానని చెప్పుకున్నాడు. అలా చెప్పినవాడు ఎంచుకున్నది మాత్రం పామరులు మాట్లాడే అవధీ భాషను! ఈ రెండింటికీ పొంతన ఎలా కుదిరిందో తెలుసుకోవడానికి మనం కాశీ వరకు వెళ్ళనక్కరలేదు. మన సీమలోనే సమాధానం ఉంది.

తరిగొండ తల్లి

గుర్రంకొండకు చేరువలోని తరిగొండ గ్రామం. అక్కడ 1730 ప్రాంతంలో కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు వెంగమాంబ జన్మించింది. బాల్యవివాహం, వెనువెంటనే వైధవ్యం. వేంకటేశ్వరుడే తన భర్త అని నమ్మి సుమంగళి చిహ్నాలను విడువనందుకు లోకం ఆమెను ఎన్ని మాటలన్నదో సంప్రదాయ కథనాలు చెబుతున్నాయి. మదనపల్లెలో రూపావతారం సుబ్రహ్మణ్య శాస్త్రిగారు ఆమెకు గురువై తత్త్వోపదేశం చేశారు. తరిగొండ లక్ష్మీనృసింహుని ఆలయంలో ఆంజనేయ విగ్రహం వెనుక కూర్చుని ధ్యానం చేసుకునేదట. అక్కడా ఆమెను ప్రశాంతంగా ఉండనివ్వలేదు. చివరకు తిరుమల చేరింది. కొంతకాలం తుంబురుకోనలో తపస్సు చేసింది. 1817లో తిరుమలలోనే సమాధి చెందింది.

ఇటువంటి జీవితంలో శ్రోతలు ఎక్కడున్నారు? సభ లేదు, సన్మానం లేదు, పోషించే ప్రభువు లేడు. చిన్ననాట గురువు దగ్గర ఓనమాలైనా దిద్దలేదని, తరిగొండ నృసింహుడు పలికిస్తే పలుకుతున్నానని వేంకటాచల మాహాత్మ్యంలో ఆమె స్వయంగా చెప్పుకుంది. మెప్పించవలసిన మనిషి ఎదుట లేనప్పుడు కూడా ఆ కలం ఆగలేదు. నృసింహ శతకం, రాజయోగామృతసారం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం, ముక్తికాంతావిలాసం, అష్టాంగయోగసారం... ఒక జీవితకాలానికి ఇది చిన్న రాశి కాదు.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. తన కోసం, తన స్వామి కోసం రాసుకున్న ఈ తల్లి ఎంచుకున్న ప్రక్రియలేమిటి? శివనాటకం, బాలకృష్ణ నాటకం, చెంచు నాటకం, రుక్మిణీ నాటకం, గోపీ నాటకం. ఇవన్నీ యక్షగానాలు. దరువులతో, ద్విపదలతో పదిమంది కూడినచోట పాడుకోవడానికి వీలైనవి. జ్ఞానవాసిష్ఠం వంటి కఠిన వేదాంతాన్ని సైతం రోట్లో వడ్లు దంచుతూ పాడుకోదగిన ద్విపదలోకి దించింది. పండితుల మెప్పు మాత్రమే కోరి ఉంటే ప్రౌఢ ప్రబంధాలతో సరిపెట్టుకునేది. జనం మెప్పు మాత్రమే కోరి ఉంటే వాసిష్ఠం జోలికే వెళ్ళేది కాదు. కథను ఏ పాత్రలో వడ్డించాలన్నది వినేవారిని చూసి నిర్ణయించింది. ఏ పదార్థాన్ని వడ్డించాలన్నది మాత్రం వారికి వదిలిపెట్టలేదు. ఆత్మతృప్తి అంటే తోచినట్లు రాసుకుని ‘నాకు నచ్చింది, చాలు’ అనుకోవడం కాదు. అది అహంకారానికి మరో పేరు. వెంగమాంబ లోపల ఒక శ్రోత కూర్చుని ఉన్నాడు. ఆయనను మోసగించడం సాధ్యం కాదు.

ఈనాడు తిరుమల వెళ్ళినవారు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద కేంద్రంలో భోజనం చేసి వస్తారు. ఆ పేరు గల తల్లి ఇన్ని గ్రంథాలు రచించిందన్న సంగతి వారిలో ఎందరికి తెలుసో! రాత్రి ఏకాంతసేవలో స్వామికి తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాలహారతి నేటికీ జరుగుతున్నాయి. ఆ తాళ్ళపాక అన్నమాచార్యుల చరిత్ర కూడా మన ప్రశ్నకు సంబంధించినదే. స్వామిపై పాడిన శృంగార పదాన్ని విని, తనపై కూడా అటువంటిది ఒకటి చెప్పమని సాళువ నరసింహరాయలు కోరాడు. హరిని కీర్తించిన నాలుకతో నిన్ను పొగడలేనని అన్నమయ్య చెవులు మూసుకున్నాడు. సంకెళ్ళు పడ్డాయి. ఈ వృత్తాంతాన్ని ఆయన మనుమడు చిన్నన్న ద్విపదలో రచించాడు. ఒక్క పదం చెప్పి ఉంటే సరిపోయేది గదా అని లౌకికులకు అనిపించవచ్చు. అడిగినవాడు ఒక్క పదంతో ఆగుతాడా?

పిట్టకథ పెరిగితే

ఇక మన ఊళ్ళ సంగతికి వద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో, మా శాంతిపురం చుట్టుపక్కల పల్లెల్లో కూడా ‘భారతం’ అంటే పుస్తకం కాదు, ఉత్సవం. ద్రౌపదీ ధర్మరాజుల ఆలయం ఎదుట పద్దెనిమిది రోజులు మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. బకాసుర వధనాడు బండి నిండా అన్నం, అర్జున తపస్సునాడు ఆకాశమంత మాను, చివరిరోజున మట్టితో చేసిన దుర్యోధనుని బృహద్విగ్రహం, ఆపైన అగ్నిగుండ ప్రవేశం. చదువు రానివారికి సైతం భారతంలో ఏ పర్వం తరువాత ఏ పర్వమో తెలిసిందంటే అది ఈ ఉత్సవాల పుణ్యమే.

ఆ హరికథలో పిట్టకథ ఒక అంగం. మధ్యాహ్నపు ఎండలో కునుకు తీసే శ్రోతను లేపడానికి భాగవతారు ఒక హాస్యకథను అందుకుంటాడు. నేను దానికి వ్యతిరేకిని కాను. కూరలో ఉప్పు ఉండవలసిందే. ఈ మధ్య పిట్టకథలే పెరిగి అసలు కథ పిట్టంత అవుతున్నది. సినిమా బాణీలో పాడితే ఈలలు, చదివింపులు. యక్షప్రశ్నల దగ్గరకు వచ్చేసరికి ‘త్వరగా కానివ్వండి’ అని నిర్వాహకుల సైగలు. భాగవతారును ఒక్కణ్ణే తప్పుపట్టి ప్రయోజనం లేదు. ఆయనకూ కుటుంబం ఉంది, మరుసటి ఏడు పిలుపు రావాలి. కాని నారదుడు వ్యాసునికి చెప్పిన మాట ఇక్కడే వర్తిస్తుంది. జనం కోరినదే పెడుతూపోతే, భారతమంటే అంతే కాబోలునని తరువాతి తరం నమ్ముతుంది. ఇంతకు మించినది ఒకటున్నదని తెలియనివారు దానిని అడగనైనా అడగలేరు.

అందరూ అలా లేరు. కొన్నేళ్ళ క్రితం ఒక పల్లెలో అరణ్యపర్వం నాటి హరికథ విన్నాను. రాత్రి నాటకానికి వేలమంది వచ్చే ఊరు, మధ్యాహ్నం పందిట్లో ఇరవైమంది కూడా లేరు. ఎక్కువమంది వృద్ధురాళ్ళే. ఆ భాగవతారు యక్షప్రశ్నలలో ఒక్కదానిని కూడా విడువలేదు. కంఠం బొంగురుపోతున్నా, ఎదుట వెయ్యిమంది ఉన్నట్లే ప్రతి ప్రశ్ననూ యక్షుని గొంతుతో అడిగి, ధర్మరాజు గొంతుతో బదులు చెప్పాడు. మంగళం పాడి గజ్జెలు విప్పుకుంటుండగా ఒక ముసలమ్మ దగ్గరకు వచ్చింది. ‘‘భీముణ్ణీ అర్జునుణ్ణీ ఇడిసిపెట్టి నకులుణ్ణి బతికించమని అడిగినాడు గదా, ఎందుకని సామీ? మళ్ళా ఒకసారి చెప్పు’’ అన్నది. ఆమె పెంచినది సవతి బిడ్డలనని పక్కనున్నవారు తరువాత నాకు చెప్పారు. ఆయన గజ్జెలను మళ్ళీ కాళ్ళకు కట్టుకున్నాడు. మృదంగం అప్పటికే సంచిలోకి వెళ్ళింది. చిడతలు మాత్రం తీసుకుని, కుంతికి ఒక కుమారుడు మిగిలితే మాద్రికీ ఒకడు మిగలాలని ధర్మరాజు చెప్పిన ఆ సమాధానాన్ని ఆమె ఒక్కతెకే మొదటినుంచి చెప్పడం ప్రారంభించాడు.